ఎడమ తలుపు

తాళాల పని చేసెటోనికి ఒక పొగరుంటది. నేను చేసిన తాళం నా చేతికి రాకపోవుడేంది అని. నాకైతే అది జర ఎక్కువనే ఉండె. వికారాబాద్ స్టేషన్ కాడ నా దుకాణం. బీరువా గాని, గల్లాపెట్టె గాని, లారీ తలుపు గాని, నమూనా ఇస్తే అసొంటిదే ఇంకోటి చేసిస్తుంటి. అందరు మిస్త్రీ అని పిలుస్తుండిరి.

పందొమ్మిది వందల యాభై తొమ్మిదిల ఎండకాలం. తాండూరుల బండల వ్యాపారం చేసే పాండురంగం సేటు కబురు పంపిండు. నవాబుల కాలంనాటి పాత కారొకటి కొన్నడట. వెనక తలుపుల తాళాలు తుప్పువట్టినయ్, కొత్తయి పెట్టాలె అన్నడు. ముందుగాల పోయి పాతయి ఊడదీసుకొచ్చిన. పదిహేను దినాలు ఆకురాయి వట్టి రాకి రాకి, వాటి లెక్కనే రెండు కొత్తయి చేసిన.

బిగించనీకి పోయెనాడు నా భార్య శాంతవ్వ గూడ వస్త అన్నది. పెండ్లయి రెండేండ్లయినా రైలెక్కి ఎరగదు. సరే నడువు అన్న. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ మూటగట్టుకున్నది. రైల్ల కిటికీకి మొఖం ఆనిచ్చి తాండూరు దాక నవ్వుకుంటనే ఉన్నది. నాకు ఆమె అంటే పాణం. ఎన్నడు నోటితోని చెప్పలె, మనకు గసొంటియి రావు.

సేటు అడ్డ నిండ బండలు నిలవెట్టి ఉన్నయ్. ఎండ పై నుంచి ఒకపారి, బండల మీద పడి ఇంకోపారి కొడుతుండె. నడుమ ఆ కారు. పొడుగ్గ, నల్లగ. పరదా ఆడోళ్ల కోసం చేయించిన కారట. వెనక అద్దాల జాగల ఇనుప రేకులు. డ్రైవరుకు, వెనక సీటుకు నడుమ గూడ రేకే. తలుపులు మూస్తే లోపల ఎవలున్నరో బయటికి కనవడదు. తెరిచిన యాళ్ల పాత అత్తరు వాసనొచ్చింది. దాని కింద ఇంకేదో వాసన... తోలు మురిగిందేమో అనుకున్న.

పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి రెండు తాళాలు బిగించిన. లోపల కూసోని తీసిన, బయట నిలవడి తీసిన. పదిసార్లు చూసిన. రెండు మంచిగ తిరుగుతున్నయ్.

కావలుండే ముసలి బిచ్చయ్య వచ్చి నా పక్కన కూసున్నడు. నవాబు తాన ఈ కారు తుడిచెటోడట.

"మిస్త్రీ," అన్నడు మెల్లగ. "రెండు తలుపులు ఒక్కపారి ముయ్యకు. ఒకటన్న తెరిచిపెట్టు."

"ఎందుకు?"

"ఒకామెను లోపల కూసోవెట్టి, ఎండల తాళమేసిండ్రు. మూడు దినాలు కొట్టింది. నేను ఇన్న."

"ఇని ఊకున్నవా?"

"తాళంచెవి నవాబు తానుండె," అన్నడు.

నాకు కోపమొచ్చింది. పని ఒడిసిందనంగ దయ్యాల ముచ్చట పెడితే నా తాళానికి పేరొస్తదా? పోయి నీడకు కూసో తాతా అన్న.

గంతల శాంతవ్వ దగ్గరికొచ్చింది. "ఇగో, నేనొకపారి కూసోనా?" అన్నది. నన్ను ఇగో అనే పిలుస్తుండె. మా దిక్కు ఆడోళ్లు మొగని పేరు పలకరు. పలికితే మొగని ఆయుష్షు తగ్గుతదంటరు.

"కూసో, దొరసాని కూసున్నట్టు కూసో," అన్న. సీట్ల కూసోని కొంగు నోటికడ్డం పెట్టుకోని నవ్వవట్టింది. బిచ్చయ్య చూడాలెనని రెండు తలుపులు గట్టిగ మూసిన.

లోపల నవ్వు ఆగింది.

"ఇగ తియ్యి," అన్న.

పిడి కదిలింది. తలుపు రాలె. బయటి నుంచి నేను గుంజిన. రాలె. తాళంచెవి పెట్టిన. పోయింది గని తిరగలె. నా తాళం నాకు ఎర్కే కద... లోపల దాని నాలుకను, గడియ వడే ఇనుప ముక్కను, ఎవలో పట్టుకున్నరు.

రెండో తలుపు చూసిన. అది గూడ గంతే.

రేకు మీద చెయ్యి పెడితే బొబ్బ లేస్తున్నది. లోపల గాలి లేదు. సేటును పిలిచి రేకు చీలుస్త అన్న. చెట్టు కింద మంచం మీంచి లేవకుంటనే, "రేకు ముడితే నీ తోలు తీస్త. తాళం నీదే కద, తాళం కోసుకో," అన్నడు. నా సంచిల ఉన్నది ఒక్కటే రంపం బ్లేడు. ఒక నాలుక కోసేవరకే అది అరిగిపోతది. రెండోదానికి రాదు.

కుడి తలుపు సందుల బ్లేడు పెట్టిన.

"ఇగో... ఇటే ఉన్న. మెల్లగ కొయ్యి," అన్నది లోపల్నుంచి.

పాణం కుదుటపడ్డది. కోస్తున్న. అప్పుడు ఎడమ తలుపు దడదడ కొట్టుకున్నది.

"జంగప్పా..."

నా పేరు అది. గొంతు గూడ శాంతవ్వదే.

"జంగప్పా, ఇటు తియ్యి... నేను... నేను శాంతను..."

చెయ్యి ఆగింది.

"ఇగో, ఎందుకాపినవ్?" అన్నది కుడి దిక్కు. "కొయ్యి."

"అది నేను కాదు, జంగప్పా... నా పక్కనే కూసున్నది... నన్నే చూస్తున్నది..."

చెమట కండ్లల్లకు కారుతున్నది. ఏ తలుపు తెరిస్తే ఆ తలుపు కాడున్నదే బయటికొస్తది అనిపించింది. ఏ తలుపు? ఒక్కటే బ్లేడు. నా శాంతవ్వ నా పేరు పలకదు. పాణం పోతున్నా పలకదు. నాకంటే ఎవలకెర్క? లేచి అటు దిక్కు పోయిన. నోర్ముయ్యవే ముండా అని ఎడమ తలుపును కాలుతోని తన్నిన. లోపల ఏడుపు సన్నగైంది.

మళ్ల ఇటొచ్చి కోసిన. బ్లేడు, నాలుక ఒక్కపారే తెగినయ్. తలుపొచ్చింది. శాంతవ్వ దిగింది. అదే మొఖం, అదే చీర. ఎడమ దిక్కు చప్పుడు బంద్ అయ్యింది. లోపలికి తొంగి చూసిన. సీటు ఖాళీ. దండం పెట్టుకున్న. సేటు తిట్టుకుంటనే, తెల్లారి వచ్చి కుడి తాళం మళ్ల చెయ్యమన్నడు. తాళంచెవులు జేబుల వేసుకోని, ఆమె చెయ్యి పట్టుకోని స్టేషన్‌కు నడిచిన.

వచ్చేటప్పుడు రైల్ల ఆమె కిటికీ దిక్కు చూడలె.

ఇంటికొచ్చి దీపం ముట్టిచ్చినంక చూసిన. రెండు చేతులకు పచ్చ గాజులు. ఒక్కటన్న పగలలె. పాణం మీదికొచ్చినోళ్లు తలుపు కొట్టకుంట ఉంటరా, గాజులు పగలకుంట ఉంటయా? రవికె తడవలె. మెడ మీద చెమట చుక్క లేదు.

అప్పుడు నా బుద్ధి పనిచేసింది. అక్కడ సేటుకు, బిచ్చయ్యకు నేను మిస్త్రీని. నా పేరు ఎర్కున్నది ఒక్క శాంతవ్వకే. ఇగో అని పిలిచింది అందరు ఇన్నరు. ఆ కార్ల ఉన్నది గూడ ఇన్నది. అది శాంతవ్వ గొంతుతోని ఇగో అనవట్టినంక నేను గుర్తువట్టాలెనని, ఎన్నడు పలకని పేరు పలికింది నా భార్య. నేను కాలుతోని తన్నిన.

తెల్లారి మొదటి రైలుకు ఉరికిన. కారు లేదు. పొద్దు పొడవకముందే లారీ మీదికెక్కించి గుల్బర్గా దిక్కు అగ్గువకు అమ్మిండట సేటు. బిచ్చయ్య ఊడుస్తున్నడు.

"కుడి తలుపు తెరిచే ఉండె," అన్నడు, నా మొఖం చూడకుంట. "లోపల ఎవలు లేరు. ఎడమ తలుపు మాత్రం రాత్రంత కొట్టుకున్నది."

"నువ్వు తియ్యలేదా?"

"తాళంచెవులు నీ తానుండె కద."

ఎడమ తలుపు ఉన్న జాగల, బండ మీద పచ్చ గాజు పెంకులు కుప్పవడి ఉన్నయ్.

గుల్బర్గా పోయిన, సేడం పోయిన, యాద్గిరి పోయిన. కనవడ్డ ప్రతి నల్లకారు తలుపుకు చెవి ఆనిచ్చి ఇన్న. పిచ్చోడన్నరు, కొట్టిండ్రు. ఆ కారు దొరకలె.

ఇంట్ల ఉన్నది ఇంట్లనే ఉన్నది. వండుతది, ఊడుస్తది, ఇగో అంటది. ఎళ్లగొట్టనీకి నాకు ధైర్యం లేదు. దాని పక్కన పండుకోలె, ఏలు గూడ ముట్టలె. అయినా వానలు పడ్డంక దానికి కడుపు కనవడవట్టింది. వాడకట్టోళ్లు నన్ను చూసి సంబురపడ్డరు.

నెలలు నిండినంక మంత్రసాని చంద్రవ్వను పిలిచిన. ఆమె కడుపు మీద చెయ్యి పెట్టింది. తరువాత వంగి చెవి ఆనిచ్చింది. చానసేపు ఇన్నది. లేచి నన్ను బయటికి గుంజుకొచ్చి, "పిల్ల తన్నుతలేదు అయ్యా, కొడుతున్నది," అన్నది. "గాజుల చప్పుడు ఇనవడుతున్నది."

చంద్రవ్వ మళ్ల మా గడప తొక్కలె. అది ఇంక కనలె. ఇప్పుడు పద్నాలుగో నెల.