చివరి పేజీలు లేని నవలలు

ఉదయం బడికి వెళ్తూ, టీచరు వీధి చివర అద్దె పుస్తకాల షాపు దగ్గర ఆగి చేతిలోని నవల తిరిగి ఇచ్చింది. షాపావిడ దాన్ని చివరినుంచి తిరగేసి మొహం చిట్లించింది.

"టీచరుగారూ, ఇది ఐదోది. మీ ఇంటికెళ్ళిన ఆటగాళ్ళ ప్రేమకథలన్నిటికీ చివరి పేజీలు మాయం. హీరో కప్పు గెలిచాడా లేదా అని జనం నా ప్రాణం తీస్తున్నారు."

టీచరు నవల అందుకుని చూసింది. ఆమె అసలు అంతదాకా చదివితేగా! ఇంట్లో ఉండేది ఇద్దరే కాబట్టి దొంగెవరో వెతకనక్కర్లేదు. విసురుగా ఇంటికి తిరిగి వచ్చింది.

ముందు గదిలో భర్త, కూలికి తెచ్చుకున్న టెన్నిస్ రాకెట్‌కు తీగలు బిగిస్తున్నాడు. ఒకప్పుడు పేరున్న ఫుట్‌బాల్ గోల్‌కీపరు. అందరూ 'గోడ' అని పిలిచేవారు. మూడేళ్ళ క్రితం మోకాలు చితికింది. డాక్టర్లు చేతులెత్తేశారు. అప్పట్నుంచీ ఇంట్లోనూ గోడే. పలకరిస్తే ఊ, లేకపోతే అదీ లేదు. విసిగిపోయిన ఆమె, తన దగ్గరికి వచ్చెయ్యమని పోరుతున్న అక్కకు నిన్ననే సరేనంది.

"పేజీలు చింపింది మీరేనా?"

"ఆఁ." తల ఎత్తలేదు. "ప్రతివాడూ కట్టు విప్పి మైదానంలోకి దూకడమే. ఓ చేత కప్పు, ఓ చేత పిల్ల. అలాంటివాడు దొరకలేదనేగా రోజూ వాటిని ముందేసుక్కూర్చుంటావు? వెళ్ళు. నిన్న మీ అక్కతో అన్నది విన్నాను."

ఆమెకు ఒళ్ళు మండింది.

"గెలిచే పేజీ నేనొక్కటి కూడా చదవలేదండీ! దెబ్బ తగిలి మంచాన పడతాడు చూడండి, అక్కడ ఆపేస్తాను. అంత మొనగాడూ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని 'భరించలేకపోతున్నా' అని ఏడుస్తాడు. అదే మళ్ళీ మళ్ళీ చదువుకుంటాను. మూడేళ్ళు మీ పక్కనే ఉన్నాను. నాతో ఒక్కసారన్నా అన్నారా?"

"చెబితే నొప్పి తగ్గిస్తావా?"

"తగ్గించలేను."

అతను తీగ వదిలేశాడు. రెండు చేతులతో కాలు పట్టుకుని మెల్లగా చాపాడు.

"మెట్లు దిగుతుంటే ప్రాణం పోతుంది," అన్నాడు. "పొద్దున్న లేవగానే ఒక్క క్షణం అన్నీ మరిచిపోతాను. బూట్లెక్కడ అనుకుంటాను. ఆ తర్వాత..." 

ఆమె కింద కూలబడి అతని చెయ్యి పట్టుకుంది. నవలల్లో అమ్మాయిలకు ఇలాంటప్పుడు ఏవో చక్కటి మాటలు దొరుకుతాయి. ఆమెకు ఒక్కటీ దొరకలేదు. ఇద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ మోకాలు బాగుపడదు, ఆ మైదానం తిరిగి రాదు. అది ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని అక్కకు ఫోన్ చేసింది.

"నేను రావడం లేదక్కా. ఆయనకి బాగా నొప్పిగా ఉంది."

"మూడేళ్ళ నుంచీ ఉన్నదేగా! ఇవాళ కొత్తేముందే?"

"ఇవాళే చెప్పారక్కా."