చుక్క మెడలోని తాడు

రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ వెనక, గడియారాల అంగడి పైన ఉంది పురుషోత్తమ్ ఆఫీసు. అక్కడికి వచ్చేవాళ్లు మామూలుగా మెట్లెక్కుతూనే సగం ధైర్యం తెచ్చుకుంటారు. ఆ పొద్దున వచ్చిన ఆవిడకు ఆ సగం కూడా దొరికినట్టు లేదు. గడప దగ్గరే ఆగిపోయింది. అర్పిత కుర్చీ జరిపి, మంచినీళ్లు ఇచ్చింది. ప్రైవేటు డిటెక్టివ్ దగ్గర అసిస్టెంటుగా చేరాక ఆమె నేర్చుకున్న మొదటి పాఠం అదే: ముందు నీళ్లు, తర్వాత ప్రశ్నలు.

"నా పేరు మునిలక్ష్మి సార్. బేతమంగళ మాది. సినిమావాళ్లకు నా దూడ చుక్కను ఇచ్చినాను. దాన్ని చూసుకునేదానికి నేనూ ఆడే ఉండాను. ఇంత టిఫిన్ తిని వచ్చేలోపల దూడ మాయం. నేనే దాచినానని డైరెక్టరప్ప మైకులో అందరికీ చెప్పేసినాడు. సాయంత్రంలోగా తేకపోతే పోలీసు కంప్లైంటే అంట."

"దాచినావా అమ్మా?"

"దాచింటే మీ దగ్గరికి ఎందుకు వస్తాను సార్, మెట్లెక్కి?"

పురుషోత్తమ్ నవ్వాడు. "మంచి జవాబు. మరి నిన్నే ఎందుకు అనుమానించాడు?"

"పాత గని గుంతలోకి దూడను బుట్టలో పెట్టి దించుతారంట సార్, ఈ పొద్దు. దాని కాళ్లే ఇంకా గట్టిపడలేదు. దించనీనని నిన్న గట్టిగా అరిచినాను. ఇంగ అందరూ విన్నారు." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "రేపు పాలడిపోలో నా క్యాను పక్కన ఎవురైనా క్యాను పెడతారా సార్, దొంగదంటే?"

ఆ సినిమా సంగతి అర్పితకు తెలుసు. గని కార్మికుడి కూతురు, నుదుట తెల్లచుక్క ఉన్న ఓ దూడ, ఆ ఇద్దరి కథగా వచ్చిన పాత పిల్లల నవల ఈ ప్రాంతంలో తాతలూ చదివారు, మనవలూ చదివారు. కథలో దూడ పాత గుంతలో పడుతుంది, పాప దాన్ని పైకి తెస్తుంది. దాన్నే ఇప్పుడు ఇంటిల్లిపాదీ చూసే సినిమాగా చాంపియన్ రీఫ్స్ గనుల దగ్గర తీస్తున్నారు.

వాళ్లు అక్కడికి వెళ్లేసరికి డైరెక్టర్ అమర్నాథ్ మూతపడ్డ గని మీది ఇనుప గోపురం నీడలో, చల్లారిన కాఫీతో కూర్చుని ఉన్నాడు. కోపం కంటే బెంగే ఎక్కువగా ఉందని అర్పితకు అనిపించింది.

దూడను కట్టేసిన చోటు గని కార్మికుల పాత లైను ఇళ్లలో ఓ ఖాళీ ఇంటి పెరడు. దూడ లేదు గానీ తాడు ఉంది. గోడకున్న కొక్కేనికి వేలాడుతోంది. చక్కగా చుట్టలు చుట్టి, కొసను చుట్ట నడుముకు బిగించి, విప్పదీస్తే చిక్కు పడకుండా పెట్టారు.

"ఇది చుట్టింది నువ్వా అమ్మా?"

"ల్యా సార్. నేను వచ్చేసరికే అట్ల ఉండాది."

పురుషోత్తమ్ అమర్నాథ్ వైపు తిరిగాడు. "ఈ పెరట్లోకి బండేమైనా వస్తుందా?"

"మా నాన్న అంగడి గూడ్స్ ఆటో ఒక్కటే సార్. యూనిట్‌కు సరుకులన్నీ దాంట్లోనే వస్తాయి. డ్రైవరు లేడు, అందుకని ఈ వారం నాన్నే తోలుతున్నాడు. నిర్మాత కూడా ఆయనే."

"సినిమా తీయాలన్న ఆలోచన ఆయనదా?"

"నాదే. నవలంటే మాత్రం ఆయనకు ప్రాణం. చిన్నప్పుడు పడుకోబెట్టి చదివి వినిపించేవాడు. తమాషా చెప్పనా? దూడ గుంతలో పడే అధ్యాయం ఎప్పుడూ చదవలేదు. పేజీలు తిప్పేసి, 'ఇంగ బయటికి వచ్చేసింది' అనేవాడు. కాలేజీలో నాకై నేను చదువుకున్నాకే తెలిసింది, అంత పెద్ద అధ్యాయం ఒకటుందని."

"యూనిట్ దిగిన ఇల్లు వెదికారా?"

"బేతమంగళలో గోపాలప్ప తోటిల్లు సార్. మూలమూలా వెదికించినాను. వెనక పట్టుపురుగుల షెడ్డు ఒక్కటే తెరవలేదు. పురుగులు నాలుగో జ్వరం లేచినాయంట, అంటే చివరిసారి పొర విడిచి ఆకు బాగా మేసే పొద్దులు, బయటివాళ్లు పోకూడదని నాన్న చెప్పినాడు. గోపాలప్ప మామిడికాయల పని మీద రాయల్పాడు పోయినాడు, షెడ్డు నాన్నకు అప్పజెప్పి."

బేతమంగళ చేరేసరికి తోటిల్లు నిశ్శబ్దంగా ఉంది. మనుషులంతా షూటింగ్‌లో ఉన్నారు. అమర్నాథ్ తండ్రి, ధాన్యం వ్యాపారి శ్రీకంఠయ్య షెడ్డు ముందు కుర్చీ వేసుకుని ఉన్నాడు. తలుపు పక్కన మట్టి ధూపపాత్రలో సాంబ్రాణి పొగ సన్నగా లేస్తోంది.

"అటు పోవద్దప్పా," అన్నాడాయన లేచి. "పురుగులు ఉండాయి. గోపాలప్ప నన్ను నమ్మి పోయినాడు."

"పోనులెండి. సాంబ్రాణి మంచి వాసన."

"అంగట్లో పొద్దున్నా సాయంత్రం వేసేది అలవాటు. ఈగలు రావు."

"మునిలక్ష్మి దూడను దాచిందంటారా?"

శ్రీకంఠయ్య పొగ వైపు చూశాడు. "నేనేం చెప్పేదప్పా. ఆడమనిషి. పోలీసుల దాకా వద్దని మావాడికి చెప్తాను."

పురుషోత్తమ్ కాసేపు తలుపు దగ్గర చెవి ఒగ్గి నిలబడ్డాడు. తర్వాత అర్పితతో, "నాలుగు గంటలకల్లా అందర్నీ ఇక్కడికే రమ్మను. మైకు కూడా తెమ్మను," అన్నాడు. ఆయన గొంతులో తొందర పోయిందంటే కేసు అయిపోయినట్టేనని అర్పితకు తెలుసు.

సాయంత్రం యూనిట్ అంతా షెడ్డు ముందు చేరింది. మునిలక్ష్మి ఒక్కతే దూరంగా నిలుచుంది. ఎవరూ ఆమె పక్కకు పోలేదు. అర్పిత వెళ్లి పక్కన నిలబడింది.

"తాడుతో మొదలుపెడదాం," అన్నాడు పురుషోత్తమ్, పెరట్లోంచి తెచ్చిన చుట్టను చూపిస్తూ. "దూడను తీసుకుపోయే రైతు ఎవరైనా తాడుతో సహా తోలుకుపోతాడు. తాడు వదిలేశారంటే నడిపించలేదు, ఎత్తి బండిలో పెట్టారు. ఆ పెరట్లోకి వచ్చే బండి ఒక్కటే. ఇక ఈ చుట్ట చూడండి. పొట్లాలు కట్టి కట్టి, పురికొసను కూడా పారెయ్యని చెయ్యి చుట్టింది ఇది. హడావుడిలోనూ అలవాటు మానలేదు."

శ్రీకంఠయ్య కుర్చీ చేతిని పట్టుకున్నాడు.

"మా ఆవిడ పుట్టింటివాళ్లు పట్టుపురుగులు పెంచేవాళ్లు. పెళ్లయిన కొత్తలో పౌడరు రాసుకుని పురుగుల గది దాకా వెళ్లాను. మా అత్తగారు చీపురు అడ్డం పెట్టి, స్నానం చేసి రమ్మన్నారు. మా ఆవిడ నవ్విన నవ్వు ఇంకా చెవిలో ఉంది. ఆవిడ లేదు, ఆ నవ్వు మాత్రం ఈ రోజు నాకు దారి చూపించింది. పౌడరు వాసనకే తట్టుకోని పురుగుల తలుపు దగ్గర ఎవరైనా సాంబ్రాణి వేస్తారా? పైగా నాలుగో జ్వరం లేచిన పురుగులు ఆకు మేస్తుంటే వాన పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. నేను విన్నాను. లోపల ఆ వాన చప్పుడే లేదు, అంటే పురుగులే లేవు. మునిలక్ష్మమ్మా, రోజూ పిలిచినట్టు ఒకసారి పిలువు."

"చుక్కా," అంది మునిలక్ష్మి. "చుక్కా, రామ్మా."

షెడ్డులోంచి 'అంబా' అని వినిపించింది.

అమర్నాథ్ తండ్రి వైపు తిరిగాడు. "ఏం నాన్నా ఇది? నాతో ఒక మాట చెప్పింటే?"

"సినిమాలో తల దూర్చనని నీకు మాట ఇచ్చినాను కదప్పా. అడ్డం వస్తే, దుడ్డు పెట్టినోడి పెత్తనం అంటావు. ఒక పొద్దు గడిస్తే నీకే మనసు మారుతుందనుకున్నాను. గుంతలో ఆ దూడ... నాకు చదివేదానికే చేతకాలేదు, చూసేదెట్ల?"

"అధ్యాయాన్ని దాటేసినట్టే షూటింగ్‌నీ దాటేద్దామనుకున్నారు," అన్నాడు పురుషోత్తమ్ మెల్లగా. "మీ దయ నిజమైనదే. దూడ మీద చూపినదాంట్లో చిటికెడు ఈవిడ మీద చూపి ఉంటే సరిపోయేది. పొద్దున్నుంచీ ఈమె దొంగగా తిరుగుతోంది."

శ్రీకంఠయ్య తలుపు తీసి, మునిలక్ష్మి ఎదుటికి వచ్చి చేతులు జోడించాడు. "తప్పయిందమ్మా."

ఆమె బయటికొచ్చిన దూడ ఒళ్లంతా తడిమి చూసుకుంది. తర్వాత తలెత్తింది.

"నా చెవిలో చెప్తే ఎట్ల సావుకారప్పా? మైకులో అన్నారు, మైకులోనే చెప్పండి."

అర్పిత మైకు అందించింది. ఇప్పటిదాకా ధాన్యం బస్తాల మధ్య తప్ప గొంతు పెంచని ఆ పెద్దమనిషి, దూడను తీసింది తానేననీ, మునిలక్ష్మికి ఏ పాపమూ తెలియదనీ అందరికీ వినబడేలా చెప్పాడు. ఆ తర్వాత అమర్నాథ్ కూడా మైకు అడిగి తీసుకున్నాడు. "పొద్దున నేను అన్నది తప్పు. గుంతలోకి గడ్డిబొమ్మ దిగుతుంది. చుక్క పైనే ఉంటుంది, ఎండ ఉండగానే ఆ షాట్ తీసేద్దాం."

వంటమనిషి ఒకావిడ వచ్చి మునిలక్ష్మి చేతిలో కాఫీ గ్లాసు పెట్టింది. అది చూసి పురుషోత్తమ్ మొహం తిప్పుకుని కళ్లజోడు తుడుచుకున్నాడు.

చాంపియన్ రీఫ్స్‌లో గుంత దగ్గరికి తిరిగి వచ్చాక మునిలక్ష్మి తాడు చుట్ట విప్పి చుక్క మెడకు కట్టింది. కొస వదల్లేదు.

"ఫ్రేములో మీ చెయ్యి పడుతుందమ్మా," అన్నాడు అమర్నాథ్.

"పడనీప్పా," అంది ఆమె. "ఎవురి దూడో తెలుస్తాది."