మొదటి కేకకు పలికేది

రంపచోడవరం దాటి కొండలెక్కేవాళ్ళకు పెద్దవాళ్ళు ఒకటే మాట చెప్పేవారట— దారిలో వెలగలపాడు వస్తుంది, పొద్దుండగానే దాటెయ్యండి. పొద్దు గూకితే మటుకు అక్కడ నోరెత్తకండి.

అది ఊరంటే ఊరు కాదు, కొండవాలున నాలుగు వెదురుతడికల గుడిసెలు. అమ్మవారు పోసిన ఏడు జనం ఉన్నపళంగా లేచిపోయి, వాగు అవతల కొత్త గూడెం వేసుకున్నారు. పాత చోట మనిషన్నవాడు లేడు. అయినా చీకట్లో అటు వెళుతూ ఎవరైనా కేక వేస్తే… పలుకుతుంది. మొదటి కేకకే పలుకుతుంది!

ఆనకట్ట కట్టి ఓ తరం గడిచిన రోజుల మాట ఇది. కోటిపల్లి రేవు దగ్గర చేపలు పట్టుకు బతికే పల్లె నుంచి రత్తమ్మ అనే మనిషి, ఉప్పూ ఎండుచేపలూ ఉన్న గంప నెత్తిన పెట్టుకుని ఆ కొండలెక్కింది. బేరానికి అనుకునేరు. బేరం వంక మాత్రమే. ఆమె వచ్చింది మొగుణ్ణి వెతుక్కోవడానికి.

మొగుడు బుల్లియ్య వెదురు తెప్పలు కట్టే కూలికని వానలకు ముందు వెళ్ళాడు. వానలు వెనకబట్టాయి, చలి దిగింది, మనిషి జాడ లేదు. కులపెద్దలు చూసి చూసి విసిగారు. శివరాత్రి నాటికి కబురు తెలియకపోతే దినం పెట్టి, గాజులు తీసెయ్యాల్సిందేనన్నారు. రత్తమ్మ వాళ్ళతో వాదించలేదు. గాజుల చేతులు కొంగులో దాచుకుని బయల్దేరింది.

ఏ గూడెం చూసినా ఒకటే గోస. పోడు సరిగా పండలేదు. పండినదాన్ని అడవిపందులు మేసిపోయాయి. మామిడి టెంకల పిండితో అంబలి కాచుకుని తాగుతున్నారు. రోజు విడిచి రోజు చలిజ్వరం— ఒణికేవాళ్ళు ఒణుకుతుంటే, ఒణుకు తీరినవాళ్ళు కట్టెలకు పోతున్నారు. ఉప్పురాయి చేతిలో పెడితే పిల్లలు బెల్లంలా చప్పరించేవారు. బుల్లియ్య సంగతి అడిగితే జవాబు చెప్పే ఓపిక కూడా ఎవరికీ లేదు. నడిచి నడిచి రత్తమ్మకూ అడిగే ఓపిక పోయింది. పాదాలు పగిలిపోయాయి. ఇంక చాలు, ఇంటికి పోయి గాజులు వాళ్ళకే ఇచ్చేద్దాం అని కూడా ఒక రాత్రి అనుకుంది పాపం.

అలాంటప్పుడు వాగు అవతలి కొత్త గూడెం చేరింది. మంట దగ్గర కూర్చున్న ముసలాయన బొజ్జిరెడ్డి, ఆ గూడెం పెద్ద, ఆమె చెప్పిందంతా విని కట్టె ఎగదోశాడు.

“తెప్పలు కట్టే పల్లపోడు, కిందనుంచి వచ్చినోడు, ఒకడు మా దగ్గరే ఉండేవాడు. కాలి మీద దుంగ దొర్లింది. ఆపైన జ్వరం. మేం లేచొచ్చేనాటికి ఊపిరి లేదు.”

“మీరు చూశారా తాతా?”

బొజ్జిరెడ్డి తల దించుకున్నాడు. “అమ్మవారు తిరిగేటప్పుడు ఎవరు ఎవర్ని చూస్తారమ్మీ? నా మనవణ్ణే సరిగా పూడ్చలేదు.”

గొంతు తగ్గించాడు.

“కానీ… వాడు పోలేదు. చీకటిపడ్డాక ఆ పక్కనుంచి వెళ్ళేవాళ్ళు ఒక కేక వేస్తారు— పలికితే పరుగెత్తాలి, పలక్కపోతే దారిన పోవాలి. వాడు పలుకుతాడు. ‘ఆయ్’ అంటాడు. బతికుండగా ఆ మాటే అనేవాడు, చచ్చీ మానలేదు. సంతనాడు గట్టుమీద దొప్పలో అంబలి పెట్టొస్తాం. తెల్లారేసరికి దొప్పతో సహా ఉండదు.”

రత్తమ్మ ముందుకు జరిగింది. బుల్లియ్య నోట్లో ఆ మాట ఆలోచన కంటే ముందే పుడుతుంది. రేవులో ఎవరు ఎవర్ని పిలిచినా “ఆయ్” అని లేచేవాడు. నిన్నా పిలిచింది, అని తను ఎన్నిసార్లు కసిరిందో!

“దెయ్యమని ఎలా అంటున్నారండీ? మనిషే పలుకుతున్నాడేమో?”

“మనిషైతే మొదటి కేకకు పలకడు.” ఆ సంగతి తెలియని మనిషి ఉంటుందా అన్నట్టు చూశాడు ముసలాయన. “చీకట్లో పిలిచేది ఏదో ఏమో. మూడోసారి పిలిస్తేనే మనిషని నమ్మి పలకాలి. మొదటిదానికే పలికేదానికి భయం లేదన్నమాట. భయం లేనిది మనిషెలా అవుతుంది?”

“మేం మొదటి కేకకే పలుకుతామండీ.”

“చీకట్లో కూడానా?”

“చీకట్లో మరీనండి. రాత్రిపూట వలకి పోతాం. పడవకీ పడవకీ మధ్య ఏమీ కనబడదు. పిలిచిన వెంటనే పలక్కపోతే… మునిగిపోయాడనుకుంటాం.”

రత్తమ్మ మంటలోంచి ఓ వెదురు కాగడా వెలిగించుకుని లేచింది. తెల్లారనీ, అని ముసలాయన చెయ్యి పట్టుకోబోయాడు.

“దెయ్యమైనా నా మనిషేనండి,” అని వాగులోకి దిగింది.

ముసలాయన గొణుక్కుంటూనే వెంట వచ్చాడు, అంబలి పెట్టే గట్టు దాకా. అక్కడినుంచి అడుగు కదపలేదు. రత్తమ్మ ఒక్కతే ముందుకు నడిచింది. కూలిన తడికలు… గుమ్మాలకు అల్లుకున్న తీగలు… కాలి కింద ఎండాకుల చప్పుడు.

నిలబడి పిలిచింది.

“మావా…!”

చప్పుడు లేదు.

మొదటి కేకకు పలకలేదు… ఆ మనిషి పలకలేదు! ఆనాడు ఆమె నాన్న పడవ తిరిగి రాని రాత్రి కూడా ఇలాగే ఒక కేక, తర్వాత ఉత్త నీళ్ళ చప్పుడు. నమ్మలేక మళ్ళీ పిలిచింది.

“మావా… నేనే, రత్తాల్ని!”

వాగు చప్పుడు… దూరంగా ఏదో పిట్ట. అంతే.

వెనకనుంచి ముసలాయన, “వచ్చెయ్యమ్మీ…” అని గుసగుసగా పిలిచాడు. రత్తమ్మ కూలబడింది. కాగడా చెయ్యి జారింది. ఇంత దూరం మోసుకొచ్చిన అలుపంతా ఒక్కసారి మీద పడింది. గాజుల చేతులతో మొహం కప్పుకుని భోరుమంది. ఆ ఏడుపులోనే, ఎవరికీ వినబడాలని కాదు, ఊరికే వచ్చింది ఆ పిలుపు.

“మావా…”

“ఆయ్.”

చివరి గుడిసెలోంచి!

గట్టుమీద బొజ్జిరెడ్డి కెవ్వుమన్నాడు. రత్తమ్మ ఆరిపోతున్న కాగడా అందుకుని, తడిక తోసుకుని లోపలికి పడింది. మూలన ఎండిన దొప్పల పోగు. పక్కన గడ్డం పెరిగి, పొట్ట ఉబ్బి, కాలు వంకర తిరిగిన మనిషి. వెలుతురుకు కళ్ళు చికిలించి చూస్తున్నాడు. ఆమె వాడి మొహం తడిమింది. కాలుతోంది… జ్వరంతో. మనిషి వేడే!

“మొదటి కేకకే పలికేవోడివి కదా! ఇప్పుడెందుకు పలకలేదు? నా ప్రాణం తీశావు కదా!” అని ఏడుస్తూనే వాడి భుజం మీద కొట్టింది.

బుల్లియ్య ఒకటికి రెండుసార్లు గుటక వేసి, నిదానంగా అన్నాడు.

“పలికితే పారిపోతన్నారే. పాక్కుంటా అంబలి గట్టుదాకా పోగలను గానీ వాగు దాటలేను, నేనే కేకేసినా పారిపోతన్నారు. మనిషైతే మూడోదానికే పలుకుతాడని మొన్న సంతనాడు ఎవరో పరిగెడతా అంటంటే విన్నాను. అప్పట్నించీ మూడోదాకా ఆగుతన్నాను రత్తాలూ… మూడోసారి పిలిచినోళ్ళే లేరు.”