అక్క నడిచిన బూట్లు

వీరవేణి ముఖేష్‌తో మొదటిసారి మాట్లాడింది గొడవ పెట్టుకోవడానికే.

అది జనవరి నెల. ఏడాదంతా ముఖం చాటేసే వాన ఆ సాయంత్రం బహ్రెయిన్ మీద విరుచుకుపడింది. ఉమ్మ్ అల్ హస్సామ్ సందుల్లో మోకాలి లోతు నీళ్ళు. కార్గో ఆఫీసు గుమ్మంలో తెల్ల యూనిఫాం మీద స్వెట్టర్ వేసుకున్న అమ్మాయి, సగం తడిసిన అట్టపెట్టెను చంటిబిడ్డలా ఎత్తుకుని నిలబడింది.

"షటరు దింపేస్తున్నారేంటండీ? ఇంకా టైముంది కదా!"

"వాన గొడుతుంది మేడం. లోపటికి నీళ్ళొస్తున్నయి. రేపు రండ్రి."

"రేపు నాకు డ్యూటీ అండి. నీళ్ళొస్తే రానీయండి, ముందు నన్ను రానీయండి. కాస్త జరగండి బాబూ!"

ముఖేష్ జరిగాడు. కోరుట్ల నుంచి వచ్చి మూడేళ్ళుగా ఆ ఆఫీసులో సామాన్ ప్యాక్ చేస్తున్నాడు, ఇన్నాళ్ళలో ఎవరూ తనను అంత ధీమాగా పక్కకు తోయలేదు. కోపం రావాల్సింది. నవ్వొచ్చింది.

"ఏమున్నయి దీంట్ల?"

"బీపీ మిషన్లు, నర్సింగ్ పుస్తకాలు. ఇంకా దుప్పట్లు తెస్తాను. కాకినాడలో మా హాస్టలుకి."

"ఇంకా చదువుతున్నరా?"

"చదువైపోయి రెండేళ్ళయిందండి."

"అయిపోయినంక గూడ హాస్టలుకు సామాన్ పంపేటోళ్ళను గిప్పుడే చూస్తున్న."

"చూశారుగా. ఇంక తూకం వెయ్యండి."

ఆ కార్టన్ నిండడానికి కొన్ని శుక్రవారాలు పట్టింది. దుప్పట్లు బరువంటూ, దోమతెరలు తడుస్తాయంటూ ఏదో ఒక వంకతో ముఖేష్ వ్యాను వేసుకుని నర్సుల ఫ్లాటుకు వెళ్ళసాగాడు. సల్మానియాలోని ఆసుపత్రిలో పనిచేసే వీరవేణి చదివిన కాకినాడ కాలేజీ అమ్మాయిలంతా శుక్రవారం అక్కడ చేరతారు. వాళ్ళందరికీ పెద్ద ఖుర్షీద్ బేగం. కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి, ఆ కాలేజీ మొదటి బ్యాచ్. ఆవిడను అందరూ పెద్దక్క అంటారు.

"వీళ్ళంతా నీ చుట్టాలా పెద్దక్కా?" అని ఒకరోజు టీ తాగుతూ అడిగాడు ముఖేష్.

"చుట్టాలకంటే ఎక్కువే బాబూ. మా హాస్టల్లో ఒక పద్ధతుంది. నువ్వు ఖాళీ చేసిన మంచం మీదకి ఏ పిల్లొస్తే ఆ పిల్ల నీ చెల్లి. మంచం చెల్లి అంటాం. కులం అడగం, మతం అడగం. బతికున్నంత కాలం దాని మంచిచెడ్డలు మనవే."

"బతికున్నంత కాలమా!"

"మరి? మావాళ్ళెవరు ఈ దేశంలో దిగినా ఒకరు ఎయిర్‌పోర్టుకి పెరుగన్నం డబ్బా పట్టుకెళ్ళాలి. పరాయి ఊళ్ళో మొదటి ముద్ద మనది కావాలి కదా."

వంటింట్లోంచి వీరవేణి తొంగి చూసింది. "పెద్దక్కా, ఆయనకి అన్నీ చెప్పేస్తే రేపు ఆయన కూడా ఓ మంచం కావాలంటారు."

"దాని మాటకేం గానీ," పెద్దక్క గొంతు తగ్గించింది. "మొన్న దీనికో సంబంధం వచ్చింది. పెళ్ళయ్యాక ఈ కాలేజీ గొడవంతా కట్టిపెట్టాలన్నాడట పెళ్ళికొడుకు. ఇది ఫోన్ పెట్టేసింది."

ముఖేష్‌కు ఆ పెళ్ళికొడుకు మీద చెప్పలేనంత కృతజ్ఞత కలిగింది.

చివరి శుక్రవారం వీరవేణి కార్గో ఆఫీసుకు కుంటుతూ వచ్చింది. ఏమైందని అడిగితే "బూట్లు కరిచాయిలెండి" అని నవ్వేసి, ఒక సంచీ కార్టన్‌లో పెట్టి, డ్యూటీకి వెళ్ళిపోయింది. సీలు వేసేముందు సర్దుదామని ముఖేష్ సంచీ విప్పాడు. అందులో తెల్ల బూట్ల జత. తొడిగి తొడిగి మడతలు పడినవి, మడమ దగ్గర మాసినవి.

అతని ప్రాణం ఉసూరుమంది. గల్ఫ్ నుంచి పాతవి పంపితే ఊళ్ళో ఏమంటారో అతనికి బాగా తెలుసు. ఒకసారి చెల్లెలికి రెండు రోజులు వాడిన ఫోన్ పంపినందుకు, వాడుకున్నది పారేయలేక పంపిండని వాడకట్టంతా నవ్వింది. పాపం, ఈ పిల్ల తన కాలికున్నవే విప్పి పంపుతోంది, కుంటుకుంటూ పోతోంది అనుకున్నాడు. యల్లా, పద అనుకుంటూ బజారుకు పరుగెత్తాడు. అదే నంబరువి మెరిసే కొత్త జత కొని సంచీలో పెట్టి సీలు వేశాడు. పాతవి వీధి చివర చెత్తతొట్టిలో పడేశాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

మంగళవారం వీరవేణి వచ్చింది. ముఖేష్ గర్వంగా చెప్పేశాడు. "మీ ఇజ్జత్ కాపాడిన మేడం. పాత బూట్లు తీసేసి కొత్తవి పెట్టిన."

"తీసేసి ఏం చేశారు?"

"పారేసిన."

"అవి పాతవి కావండీ! కొత్తవే. వారం రోజులు డ్యూటీలో తొడుక్కుని నేనే అలా చేశాను!"

ముఖేష్‌కు అర్థం కాలేదు.

"కొత్త బూటు మొదటి వారం కరుస్తుంది. ఆ కాటు అక్క పడాలి, చెల్లి కాదు. అది మా పద్ధతి. అందుకే అక్క నడిచిన బూట్లే, దీపం పట్టి నర్సుగా ప్రమాణం చేసే దీపం రోజున చెల్లి తొడుక్కుంటుంది. నా మంచం చెల్లి సువార్త, దానికి అమ్మానాన్నా లేరు. వార్డులో నిలబడలేక చదువు మానేసి వెళ్ళిపోతానని ఏడుస్తోంది. దీపం రోజు దాకా ఆగు, నీ కోసం నేను నడిచిన బూట్లొస్తాయి, అవి తొడుక్కున్నాక కూడా వెళ్ళాలనిపిస్తే వెళ్ళు అని మాటిచ్చాను. దాని కాలు నాకంటే ఒక నంబరు చిన్నది. అందుకే కుంటాను. మీరు నా వారమంతా చెత్తలో పోశారు!"

"నాకెట్ల తెలుస్తది మేడం? మంచిగనే అనుకొని…"

"మంచికే చేశారండి. ఒక్కమాట అడిగి చెయ్యొచ్చుగా!"

ఆమె వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళడం అతను తట్టుకోలేకపోయాడు.

ఆ సాయంత్రమే ఫ్లాటు తలుపు తట్టాడు. తెరిచింది వీరవేణి. అతని చేతిలో మళ్ళీ ఒక బూట్ల డబ్బా.

"అదే నంబరు తెచ్చిన. తొడుగుండ్రి."

"దీపం రోజుకి పదిరోజులే ఉందండి. వారం నేను తొడగాలి. ఆ తర్వాత కార్గోలో వేస్తే ఎప్పటికి అందుతాయి?"

"కార్గోల ఎందుకేస్త? నేనే పట్టుకపోత."

"మీరా?"

"బతుకమ్మ పండుగకని దాచుకున్న లీవుంది. గిప్పుడే పోయి మా సేఠు కఫీల్‌ను అడిగిన. ఒకటే లీవు, పండుగకు మళ్ళ అడగొద్దు, ఖలాస్ అన్నడు. మా అమ్మ తిడ్తది. తిట్టనీ."

వీరవేణి, కోపం ఎక్కడ పెట్టిందో మరిచిపోయినట్టు అతన్ని చూసింది.

"మళ్ళీ కుంటాలా నేను?" అంది.

"ఆ నంబరు నా కాలుకు పట్టదు. లేకుంటె నేనే తొడుగుతుంటి."

లోపలినుంచి పెద్దక్క నవ్వు వినిపించింది. "డబ్బా తీసుకోవే! పాపం అంత దూరం పోతానంటున్నాడు!"

వారం తర్వాత ముఖేష్ విమానం ఎక్కాడు. బూట్లను పైన అరలో పెట్టమంటే పెట్టలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నాడు. హైదరాబాదులో దిగి, ఇంటికి కూడా పోకుండా కాకినాడ రైలెక్కాడు.

హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. మగవాళ్ళు లోపలికి పోకూడదట. సువార్తకు కబురు పంపితే, కాసేపటికి సన్నగా, బెదురు కళ్ళతో ఒక పిల్ల వచ్చింది. అట్టపెట్టె అప్పటికే చేరిందట. అందులో మెరిసే కొత్త బూట్లు చూసి, అక్కకి తీరిక దొరకలేదేమో అనుకుందట.

"తప్పు నాది చెల్లె. అక్కది గాదు," అని ముఖేష్ జరిగిందంతా చెప్పాడు. "ఇవి అక్క నడిచినవి. ఒక్కసారి గాదు, నీకోసం రెండుసార్లు నడిచింది."

సువార్త గేటు పక్కనే కూర్చుని తొడుక్కుంది. లేచి నాలుగడుగులు వేసింది.

"మెత్తగా ఉన్నాయండి," అంది. తర్వాత, "అక్క కాలెలా ఉంది?"

"రెండు మడమలకు మందుపట్టీలే. కుంటుకుంటనే డ్యూటీకి పోతున్నది."

ఆ పిల్ల ఏడ్చి, ఏడుస్తూనే నవ్వింది. "నేను వెళ్ళట్లేదని చెప్పండి అక్కకి. ఎలా వెళ్తానండీ? నా మంచం మీదకి రేపు ఇంకో పిల్లొస్తుంది కదా. దాని బూట్లు ఎవరు తొడుగుతారు?"

ముఖేష్ ఆ సాయంత్రమే ఫోన్ కార్డు కొని ఆ మాట ఉన్నదున్నట్టు వీరవేణికి చెప్పాడు. అటువైపు నుంచి "థాంక్సండీ" అని మాత్రం వినిపించింది. ఆ ఒక్క మాటనే కోరుట్లలో ఉన్నన్ని రోజులూ నెమరేసుకున్నాడు. వాళ్ళమ్మ పండుగ సంగతి విని తిట్టింది. పిల్ల సంగతి విని తిట్టడం ఆపేసింది.

తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం, ఎయిర్‌పోర్టులో సామాన్ తోసుకుంటూ బయటికి వచ్చిన ముఖేష్ అక్కడే ఆగిపోయాడు. ఎదురుగా వీరవేణి. కాళ్ళకు హవాయి చెప్పులు, చేతిలో స్టీలు డబ్బా.

"ఎవరన్న కొత్త నర్సు వస్తుందా?" అని అడిగాడు.

"లేదండి. మావాళ్ళెవరొచ్చినా ఎదురెళ్ళాలి కదా. పెరుగన్నం, ఆవకాయ."

"నేను మీవాళ్ళల్ల ఎప్పుడు కలిసిన?"

"నిన్న శుక్రవారం అందరూ కూర్చుని ఒప్పుకున్నారండి. పెద్దక్క నన్ను కూడా అడిగింది." తల దించుకుంది. "నేను అందరికంటే ముందే ఒప్పుకున్నాను."

ముఖేష్ గుండె వాన దెబ్బకి రేకులు మోగినట్టు మోగింది.

"మీరంటే నాకు పానం వీరవేణి గారూ," అన్నాడు. "వానల నన్ను పక్కకు తోసిన్రు సూడు, గప్పటి సంది."

"తెలుసండి. దుప్పట్లు బరువని ఎన్నిసార్లొచ్చారూ! కానీ ముందే చెప్తున్నాను. ప్రతి శుక్రవారం ఫ్లాటుకెళ్తాను. ముసలిదాన్నైనా హాస్టలుకి పంపుతాను. హాస్టల్లో అక్క దొరకని పిల్ల ఉన్నప్పుడల్లా వారం రోజులు కుంటుతాను. ఫరవాలేదా?"

"కుంటుండ్రి," అన్నాడు ముఖేష్. "పక్కన నేను నడుస్త. ఏదన్న పారేసేముందు మాత్రం అడుగుత."

వీరవేణి పకపకా నవ్వి డబ్బా మూత తీసింది. ఇద్దరూ అక్కడే బెంచీ మీద కూర్చున్నారు. మొదటి ముద్ద ఆమే కలిపి అతని చేతిలో పెట్టింది.