ఇరవై మూడో తిప్పు

ఆ ఉదయం విన్నిపెగ్‌లో చలి సున్నాకు ముప్పై ఆరు డిగ్రీల కిందికి దిగిపోయింది. అలాంటి రోజున గ్యారేజీ తలుపుల స్ప్రింగులు పుటుక్కున తెగిపోతాయి. తలుపులు బాగుచేసే ఓస్టాప్‌కి అవే పండగ రోజులు. ఎనిమిది కాకముందే నాలుగు ఫోన్లొచ్చాయి. వంటింట్లో కూతురు లారిస్సా జావ తాగుతూ చిరునామాలు రాసుకుంటోంది. అంతలో సొంత గ్యారేజీలోంచే తుపాకీ పేలినట్టు చప్పుడైంది.

పోయి చూస్తే, తలుపు పైన ఇరుసుకు తొడిగిన, తలుపు బరువంతా మోసే స్ప్రింగు రెండు ముక్కలై ఉంది. ఓస్టాప్ వ్యానూ, ఆయన భార్య జీనియా కారూ రెండూ లోపలే చిక్కుకున్నాయి. ఆవిడకి తొమ్మిదింటికి ఆసుపత్రిలో డ్యూటీ. ఊరి తలుపులన్నిటికీ వైద్యం చేసేవాడింట్లోనే రోగమా అని నవ్వింది. నవ్విందే గానీ, ఆయన వ్యాన్లోంచి కొత్త స్ప్రింగు దింపుతుంటే ఆయన కుడిచేతి వంకే చూస్తోంది.

ఇరవై ఆరేళ్ల లారిస్సా బీమా ఆఫీసు ఉద్యోగం మానేసి తండ్రి వెంట తిరగబట్టి రెండేళ్లయింది. రోలర్లు మార్చనిచ్చాడు, మోటార్లు విప్పనిచ్చాడు. స్ప్రింగు దగ్గరికొచ్చేసరికి మాత్రం ససేమిరా అనేవాడు. స్ప్రింగు కొసనున్న రంధ్రాల్లో రెండు ఇనుప కడ్డీలను ఒకదాని తర్వాత ఒకటి దూర్చి, పావు చుట్టు చొప్పున ముప్పైసార్లు తిప్పాలి. చెయ్యి జారిందా, కడ్డీ ఎగిరొచ్చి దవడ పగలగొడుతుంది. ఆ మాట నిజమే. అయినా ఆయన మనసులో ఇంకేదో ఉందని తల్లీకూతుళ్లకి ఎప్పట్నుంచో అనుమానం.

"ఈ ఒక్కటీ నన్ను తిప్పనివ్వు నాన్నా. మనింటి తలుపేగా," అంది లారిస్సా.

"లైటు పట్టుకో, చాలు."

"రెండేళ్లుగా అదే పని. ఓ స్తంభం పాతుకున్నా సరిపోయేది నీకు."

"ఓస్టాప్," అంది జీనియా, "నెల్లాళ్లుగా టీ కప్పు ఎడమచేత్తో ఎత్తుతున్నావు. నాకు కళ్లు లేవనుకున్నావా?"

ఆయన ముఖం కందగడ్డయింది. నిద్రలో చెయ్యి ఒత్తుకుపోయిందన్నాడు, చలికి అలాగే ఉంటుందన్నాడు, ముప్పై నాలుగేళ్లుగా చేస్తున్న పనికి ఇంట్లోవాళ్లు వంకలు పెట్టే రోజులొచ్చాయని విసుక్కున్నాడు. మాటకి మాట పెరిగింది. డాక్టరుకి చూపించుకోమని ఆవిడ, తన ఒళ్లు తనకి తెలుసునని ఆయన. మొండిఘటం, ఇక వినడని ఆవిడ ఊరుకుంది.

తలుపు కదలకుండా అది జారే ఇనుప పట్టీకి పట్టకారు బిగించి, నిచ్చెనెక్కి, కొత్త స్ప్రింగుని ఇరుసుకు తొడిగి, ఆయన తిప్పడం మొదలెట్టాడు. లారిస్సా లైటు పట్టుకుని మనసులో లెక్కపెడుతోంది. పది, పదిహేను, ఇరవై. ఇరవై మూడో తిప్పు సగంలో కడ్డీ ఆగిపోయింది.

తలెత్తి చూసింది. తండ్రి రెండు చేతులతో ఒకే కడ్డీని పట్టుకుని ఉన్నాడు. అంత చలిలోనూ నుదుటి నిండా చెమట. ఎడమచెయ్యి వదిలితే బరువు ఆగదు, కుడిచేతికేమో రెండో కడ్డీ అందుకునే పట్టు లేదు. ముందుకూ పోలేడు, వెనక్కీ రాలేడు.

"లారిస్సా," అన్నాడు చాలా మెల్లగా. "నా వేళ్లు మొద్దుబారిపోయాయమ్మా."

ఇన్నేళ్లలో ఆయన ఎవరితోనూ అలాంటి మాట అనలేదు. జీనియా లైటు అందుకుంది. లారిస్సా ఇంకో నిచ్చెన లాక్కుని ఎక్కింది. కడ్డీకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడమన్నాడు. ఆమె రెండో కడ్డీ దూర్చి, బరువు తన మీదికి తీసుకుంది.

"పట్టుకున్నాను. వదిలెయ్ నాన్నా."

ఆయన వదల్లేదు. వదలడానికి ఆయనకెంత కష్టమైందో ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆమె మరోసారి అడిగింది. అప్పుడు వదిలి, కిందికి దిగి, ఒక్కో తిప్పునీ ఆయనే పైకి లెక్కపెట్టాడు. ముప్పై అనగానే ఆమె మరలు బిగించింది. పట్టకారు తీసి, తలుపుని నడుమెత్తు దాకా లేపి చేతులు తీసేసింది. తలుపు పైకీ పోలేదు, కిందికీ రాలేదు. పని సరిగ్గా కుదిరిందనడానికి అదే గుర్తు.

జీనియా భర్త చేతిని తన అరచేతుల మధ్య రుద్దుతూ, సాయంత్రం ఆసుపత్రికి రమ్మంది. సరేనన్నాడు. ఆవిడ కారు వీధి మలుపు తిరిగాక, బోర్లించిన పెయింటు డబ్బా మీద కూలబడి ఏడ్చేశాడు.

"నువ్వు తప్పు చేస్తావని కాదమ్మా నా భయం. సరిగ్గా చేసేస్తావని. ఆ తర్వాత ఇంక నేనెందుకు?"

లారిస్సా ఆయన ముందు చతికిలబడి, చిరునామాల కాగితం తీసింది.

"మొదట వెళ్లాల్సింది ఓ ముసలావిడ ఇంటికి. అరవై ఏళ్ల నాటి చెక్క తలుపట. దానికి ఏ స్ప్రింగు వెయ్యాలో నాకు తెలీదు నాన్నా. నిజంగానే తెలీదు."

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. చెక్క ఇన్నేళ్లూ తేమ పీల్చుకుని ఉంటుందనీ, చేత్తో ఎత్తి చూస్తే గానీ దాని బరువు తేలదనీ చెప్పాడు.

"ఎడమచేత్తో ఎత్తినా తెలుస్తుందా?"

ఆయన ఎడమ అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు.

"తెలుస్తుంది," అని లేచాడు. చేతి తొడుగులు వేసుకోబోతే కుడిది ఎక్కలేదు. లారిస్సా ఒక్కో వేలూ సర్ది తొడుగుతుంటే, చిన్నపిల్లాడిలా చెయ్యి చాపి నిలబడ్డాడు.