అవతలి చెయ్యి

ఉదయం ఏడున్నరకు, ఇంటి ముందు ఆగిన కారు తలుపు తగిలి అల్లుడు సైకిల్ మీంచి పడ్డాడు. మెడ కింది ఎముక విరిగింది.

కారు మామగారిది. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతారు. వీధిలో అందరికీ మాస్టారు. భార్యతో కూరగాయలకు వెళ్లి వచ్చి కారు ఆపారు. అల్లుడు ప్రెస్సులో రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి వస్తున్నాడు. కూతురూ అల్లుడూ ఉండేది అదే ఇంట్లో, పై వాటాలో.

"తలుపు తీసింది నేనే. అద్దంలో చూసే తీశాను" అన్నారు మాస్టారు, ఆస్పత్రిలో. "రాత్రంతా మేలుకున్న మనిషి. కునుకు పట్టి ఉంటుంది."

"కునుకు పడితే సందు మలుపు ఎలా తిరిగాను మామయ్యా?"

మాస్టారు మందుల చీటీ తీసుకుని బయటికి వెళ్లారు.

సాయంత్రం అల్లుడిని ఇంటికి తెచ్చేసరికి ఆ మాట వీధంతా పాకింది. పక్కింటావిడ గేటు దగ్గర కూతురిని ఆపింది. "మీ ఆయన సైకిల్ తొక్కుతూ కూడా నిద్రపోతాడటగా?"

మర్నాడు పొద్దున్నే కూతురు కిందికి దిగేసరికి మాస్టారు కారు తుడుస్తున్నారు. ఆయన కారు తుడిచేది ఆదివారాలు. అది గురువారం. తుడుస్తున్నది డ్రైవర్ తలుపు కాదు, దాని వెనక తలుపు. ఆ తలుపు అంచున పెయింటు లేచిపోయి ఉంది. ముందు తలుపు మీద గీత లేదు.

"ఏంటి నాన్నా, ఇవాళ తుడుస్తున్నారు?"

"దుమ్ము."

"దుమ్ము కూడా ఆ ఒక్క తలుపునే వెతుక్కుంటూ వచ్చిందా? గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది."

ఆయన గుడ్డ పిండారు. కూతురు వంటింట్లోకి వెళ్లింది.

"అమ్మా, నిన్న కార్లో ఎక్కడ కూర్చున్నావు?"

"ఎప్పుడూ కూర్చునే చోటే."

వెనక సీట్లో అన్నమాట. ఆ కారులో నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గరే కాదు, ముందు పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్ల కాళ్ల దగ్గరా బ్రేకు ఉంటుంది. కాలు తగులుతుందని మాస్టారు భార్యను ముందు కూర్చోనివ్వరు.

"వెనకంటే, నాన్న వెనకేనా?"

తల్లి గుమ్మం వైపు చూసింది. మాస్టారు అక్కడ నిలబడి ఉన్నారు.

"దాన్నెందుకే నిలదీస్తావ్? తీసింది నేనని చెప్పాగా!"

"మా ఆయన నిద్రపోతు అని కూడా చెప్పారు. తప్పు చేసినవాడిలా ఈ ఇంట్లో ఆయన తల దించుకుని తిరగక్కర్లేదు. ఒకటో తారీకుకి పై వాటా ఖాళీ చేస్తాం."

తల్లి స్టవ్ కట్టేసింది. "తీసింది నేనేనే తల్లీ. మీ నాన్న అప్పటికి దిగనే లేదు. నువ్వు నోరెత్తకు, నేను చూసుకుంటానన్నారు."

"మరి తప్పు మా ఆయన మీదికి ఎందుకు నెట్టారు నాన్నా?"

"మీ అమ్మని ఎవరూ వేలెత్తి చూపకూడదని నా మీద వేసుకున్నా" అన్నారు మాస్టారు. "వేసుకున్నాక స్కూలు గుర్తొచ్చింది. మాస్టారే చూడకుండా తలుపు తీశాడంటే నా దగ్గర నేర్చుకోడానికి ఎవరొస్తారు?"

"మొదటిరోజు మీరు చెప్పే పాఠం తలుపు తీయడమేగా! తలుపు పక్క చేత్తో కాదు, అవతలి చేత్తో తీయండి, ఒళ్లు తిరుగుతుంది, వెనకొచ్చేది కనిపిస్తుంది అని."

"ఊరందరికీ చెప్పారు" అంది తల్లి. "నాకెప్పుడు చెప్పారు?"

మాస్టారు గుడ్డ గట్టు మీద పెట్టి మెట్లెక్కారు. వెనకే వాళ్లిద్దరూ వెళ్లారు. అల్లుడు చెయ్యి మెడకు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు.

"నువ్వు నిద్రపోలేదు అల్లుడూ. చూడకుండా తలుపు తీసింది మీ అత్తయ్య. అబద్ధం చెప్పింది నేను."

"తెలుసు మామయ్యా. పడగానే అత్తయ్య కేక వెనక తలుపులోంచే వినిపించింది."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెబుతారేమోనని చూశాను."

మాస్టారు కళ్లజోడు తీసి గుమ్మంలోనే కూర్చున్నారు. తల్లి ఏడుస్తూ అల్లుడి కట్టు సరిచేసింది. సాయంత్రం మాస్టారు పక్కింటావిడ గేటు దగ్గరికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పి వచ్చారు.

ఒకటో తారీకు దాటాక వచ్చిన ఆదివారం కారు అదే చోట ఆగింది. పై వాటా వరండాలో కూతురూ అల్లుడూ నిలబడి ఉన్నారు. వెనక సీట్లో తల్లి అవతలి చెయ్యి తలుపు పిడి మీద వేసి వెనక్కి తిరిగి చూసింది. సైకిల్ ఒకటి వస్తోంది. తలుపు తీయకుండా ఆగింది. సైకిల్ దాటిపోయాక తలుపు తీసి దిగింది.