అమ్మకం పన్ను ఫైల్లో ఒక పేజీ

నాలుగో జత కూడా వేసుకుని, అటూ ఇటూ నడిచి, అద్దంలో కాళ్లు చూసుకుని, "బాగున్నాయండీ, కానీ ఇప్పుడు వద్దు" అన్నాడతను.

"తెలుసు" అంది షాపు అమ్మాయి, విప్పిన బూట్లు పెట్టెలో సర్దుతూ. "సైజు చూసుకున్నారు. ఇక ఇంటికెళ్లి ఫోన్లో ఆర్డర్ పెడతారు. అక్కడ అమ్మకం పన్ను ఉండదు కదా. మా కుర్చీ, మా అద్దం, నా ఓపిక, అన్నీ ఉచితం."

అతని చెవులు ఎర్రబడ్డాయి. నిజానికి అతను చెయ్యబోయింది ఇంచుమించు అదే. కాకపోతే పన్ను ఎగ్గొట్టడానికి కాదు, పన్నుల శాఖలో తన ఉద్యోగం కోసం. పక్క రాష్ట్రాల నుంచి ఆన్‌లైన్లో అమ్మేవాళ్ల దగ్గర కూడా ఈ రాష్ట్రం అమ్మకం పన్ను వసూలు చెయ్యాలా వద్దా అని అతను రిపోర్టు రాయాలి. ఒకే జత షాపులో ఎంత, ఫోన్లో ఎంత అని చూసి రమ్మంది పై అధికారి మేడం. వస్తూనే ఆ ముక్క చెప్పి గుర్తింపు కార్డు చూపించి ఉంటే గొడవే లేదు. మన కుర్రాడికి అంత బుద్ధి ఉంటే ఈ కథ ఎందుకుంటుంది?

ఇప్పుడు తీసి చూపించాడు. ఆమె కార్డు తిరగేసి, బోర్లేసి చూసింది.

"ఫోటోలో కొంచెం తెలివైనవాళ్లలా ఉన్నారు" అని తిరిగి ఇచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆ షాపులో అతని పేరు ఉచితం గారు. పేరు పెట్టినామె ఓనరు గారి అమ్మాయి, వీధిలో అందరికీ చిన్న ఓనరు. పెద్ద ఓనరు, అంటే నాన్న, వెనక గదిలో కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని సోల్స్ కుడుతూ ఉంటాడు. నోటితో మాట్లాడేది తక్కువ.

రిపోర్టుకు ఒక్కసారి వెళ్తే సరిపోతుంది. అతను తొమ్మిదిసార్లు వెళ్లాడు.

"మళ్లీ ఏం సందేహం, ఉచితం గారూ?"

"సాక్సుల ధర సరిగ్గా రాసుకున్నానో లేదో అని."

"నిన్న కూడా అదే అడిగారు."

"ఇవాళ మారిందేమోనని."

నాలుగోసారి వెళ్లినప్పుడు వాన పట్టుకుంది. గంటన్నర తగ్గలేదు. తగ్గకపోతే బాగుండునని అతను లోపల్లోపల మొక్కుకున్నాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి, జల్లు లోపలికి కొట్టకుండా బూట్ల స్టాండు వెనక్కి లాగుతూ అసలు సంగతి చెప్పింది.

"పన్ను నూటికి ఎనిమిది. మాకు మిగిలేదీ ఇంచుమించు అంతే. ఆన్‌లైన్ వాళ్ల ధరకే ఇద్దామంటే మేం గాలి భోంచెయ్యాలి. నెలాఖరుకి షాపు అద్దె ఒప్పందం అయిపోతుంది. వాళ్లకి కూడా పన్ను పడుతుందన్న ఆశ లేకపోతే మళ్లీ సంతకం పెట్టనంటున్నారు నాన్న. నాకు ఈ పని తప్ప ఇంకో పని మీద ఇష్టం లేదు." అతనికేసి తిరిగి అడిగింది. "మా తరఫున గట్టిగా రాస్తారు కదా?"

ఆ కళ్లు అలా అడిగితే అతను ఆ క్షణాన రాష్ట్రాన్నే రాసిచ్చేసేవాడు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. అతను ఇంకో పక్షాన్ని కూడా కలిశాడు. పక్క రాష్ట్రంలో ఉంటూ, పసిపిల్లల స్వెటర్లు అల్లి ఇంట్లోంచి ఆన్‌లైన్లో అమ్మే ఒక పెద్దావిడ. "పన్ను కట్టనని కాదు బాబూ. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో లెక్క, ఒక్కో ఫారం అంటే నేనెప్పుడు అల్లాలి?" అంది. న్యాయమైన మాట. అలాంటి మాటలు ఆవిడ గంటసేపు చెప్పింది.

రిపోర్టు పూర్తిచేసి చదువుకున్నాడు. స్వెటర్ల ఆవిడ గురించి రాసింది మూడు లైన్లు. బూట్ల షాపు గురించి పదకొండు పేజీలు. అందులో అర పేజీ వాన గురించి.

కొట్టేసి మళ్లీ రాశాడు. ఈసారి వాన ముప్పావు పేజీ అయింది.

మర్నాడు మేడంకి ఒక లేఖ రాసిచ్చి, ఫైలు వదిలేశాడు. చిన్న ఓనరుకి చెప్పకుండా ఉండలేక తిన్నగా షాపుకి వెళ్లాడు.

"ఆ ఫైలు ఇక నా దగ్గర లేదండీ. వేరేవాళ్లు చూస్తారు."

"ఎందుకు?"

అతను స్టాండు మీది బూటు ఒకటి తీసి దాని ధర చీటీ చదవసాగాడు.

"మా గురించి రాయడానికి భయపడ్డారా?"

"ఒక రకంగా భయమేనండి."

ఆమె చేతిలోని పెట్టె మూత టపీమని మూసింది. "మిమ్మల్ని నమ్ముకున్నాను చూడండి, నాది బుద్ధి తక్కువ. ఇంక మీకిక్కడ పనేం లేదు, వెళ్లండి."

వారం తర్వాత పన్నుల శాఖలో ఈ పన్ను మీద విచారణ. హాల్లో ఒకవైపు షాపులవాళ్లు, ఇంకోవైపు ఆన్‌లైన్ వాళ్లు, మధ్యలో బల్ల దగ్గర మేడం. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైన మనవాడికి ఒక నిబంధన తెలియదు. ఫైలు మధ్యలో చేతులు మారితే, కారణాన్ని విచారణ మొదట్లో అందరికీ చదివి వినిపించాలి. మేడం కళ్లజోడు సవరించుకుని ఆ లేఖ చేతిలోకి తీసుకునేసరికి అతను తలుపు వైపు చూశాడు. తలుపు మేడం పక్కనే ఉంది.

మేడం గొంతులో ఎత్తుపల్లాలు ఉండవు. నోటీసులు చదివినట్టే చదివింది.

"ఈ ఫైలు నేను రాయలేను. రెండు పక్షాలనూ ఒకేలా చూడాల్సినవాణ్ణి. కానీ బూట్ల షాపు ఓనరు గారి అమ్మాయి మాట్లాడుతుంటే నాకు ప్రతి మాటా న్యాయంగానే తోస్తోంది. ఆమె తప్పు లెక్క చెప్పినా ఒప్పే అనిపిస్తుంది. నేను ఆమెను ప్రేమిస్తున్నాను. ఈ సంగతి ఆమెకు తెలియదు. రేపు ఆ షాపుకు మేలు జరిగితే, అది నా రాతవల్ల జరిగిందని ఎవరూ వేలెత్తి చూపకూడదు. దయచేసి ఫైలు వేరొకరికి ఇవ్వగలరు."

అతను తన బూట్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఈ మార్పు మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా?" మేడం పేజీ తిప్పబోయింది.

"నాకుంది" అని లేచింది చిన్న ఓనరు.

"చెప్పండి."

"ఒకటి, నేను తప్పు లెక్కలు చెప్పను. రెండు, ఈ సంగతి నాకు చెప్పకుండా ముందు మీ శాఖకు చెప్పారు."

"మీ అభ్యంతరం ఫైలు మార్పు మీదా, లేఖలో విషయం మీదా?"

"ఫైలు మార్చడం మంచి పనేనండి. విషయం మీద కూడా నాకేం అభ్యంతరం లేదు. ఆలస్యం మీదే."

ముందుగా నవ్వింది స్వెటర్ల ఆవిడ. ఆ తర్వాత రెండు పక్షాలూ ఆ రోజుకి మొదటిసారి, చివరిసారి కలిసి నవ్వాయి. మేడం మాత్రం 'ఆలస్యం' అని రాసుకుని, "ఇక మీ షాపు మాట చెప్పండి" అంది.

ఆమె చెప్పింది. కొనేవాళ్లు ఎక్కడ కొన్నా ఒకే పన్ను ఉండాలనీ, ఇంట్లోంచి అమ్ముకునే చిన్నవాళ్లకు ఫారాల బాధ తగ్గించాలనీ, తమకు ఎవరి మీదా కోపం లేదనీ చెప్పింది. అంత బాగా తను రాయలేకపోయేవాణ్ణని అతనికి అర్థమైంది. స్వెటర్ల ఆవిడ తల ఊపుతూ వింది.

బయట వరండాలో పెద్ద ఓనరు అతన్ని ఆపాడు.

"అద్దె కాగితం మీద సంతకం పెడుతున్నాను బాబూ."

"ఇంకా ఏదీ తేలలేదు కదండీ."

"తేలకపోవచ్చు కూడా. కానీ మా మాట మీద ఎవరూ వేలెత్తకూడదని నువ్వు మా అమ్మాయినే పోగొట్టుకోడానికి సిద్ధపడ్డావు. అలాంటివాళ్లున్న చోట ఇంకో ఏడాది ఆగి చూడొచ్చు." అంతకంటే ఎక్కువ మాట్లాడి అలవాటు లేక, కూతురికేసి చూసి మెట్లు దిగిపోయాడు.

ఆమె దగ్గరికొచ్చింది.

"వారం రోజులు మిమ్మల్ని తిట్టుకున్నాను."

"తెలుసండి."

"తిట్టుకుంటూ కూడా తలుపుకేసే చూశాను. అది మీకు తెలియదు." "ఇప్పుడు నాకు చెప్పండి. కాగితం లేకుండా."

అతను చెప్పాడు. ఒక్క మాట కూడా తడబడలేదు.

"నాకూ ఇష్టమే" అంది ఆమె, అందరూ చూస్తుండగానే అతని చెయ్యి పట్టుకుని.